అంత డబ్బు తీసుకుని పచ్చి పిండి పెడతారా?

అమ్మను జూబ్లీహిల్స్‌లో బాగా పేరున్న పిజ్జా రెస్టారెంట్‌కి తీసుకెళ్లాను. ఒక్కో పిజ్జా తొమ్మిది వందల పైమాటే. మెనూ నిండా కట్టెల పొయ్యి, ఇటలీలోని నేపుల్స్ ఊరి పద్ధతి అంటూ గొప్పలు. ఆ పద్ధతిలో ఓవెన్ 430 డిగ్రీల పైన ఉంటుంది, పిజ్జా కాలడానికి ఒకటిన్నర నిమిషం చాలు. మాకు రావడానికి ముప్పావుగంట పట్టింది. తీరా చూస్తే చీజ్ చల్లారి అట్టలా ఊడొస్తోంది. అంచులు మాడిపోయాయి, మధ్యలో పిండి మాత్రం వేలికి అంటుకుంటోంది. అమ్మ ఒక ముక్క కొరికి, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక "బాగానే ఉందిలే" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మంచినీళ్లు అడిగితే బాటిలే కొనుక్కోవాలట! హాలంతటికీ ఇద్దరే కుర్రాళ్లు పరుగులు పెడుతున్నారు, పాపం వాళ్లనేం అంటాం?

బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జ్ వేశారు. తీసేయమంటే మేనేజర్ "కంపల్సరీ మేడమ్" అన్నాడు. అబద్ధం. 5 శాతం జీఎస్టీ అంటే పన్ను, కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జ్ అలా కాదు. మనల్ని అడక్కుండా బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాకే మొహం మాడ్చుకుని తీసేశాడు. పక్క టేబుల్ వాళ్లు మాత్రం మారుమాట్లాడకుండా కట్టేశారు. అడగనివాళ్ల దగ్గర రోజూ ఎంత లాగుతున్నారో!