చెరువు కనపడని చత్వారం

ఉపగ్రహ చిత్రాల వల్ల సామాన్యుడికి ఏం ఒరిగిందని అడిగేవాళ్లు ఒక్కసారి హైదరాబాద్‌లో చెరువు పక్కన ప్లాటు బేరమాడి చూడాలి. బ్రోషర్లో ‘లేక్ వ్యూ’ అని ఉంటుంది కదా, ఆ వ్యూ చెరువు లోపలి నుంచా బయటి నుంచా అన్నది గూగుల్ ఎర్త్‌లో సంవత్సరాలు వెనక్కి జరిపితే తేలిపోతుంది, మీ బెడ్రూమ్ రావాల్సిన చోట నీళ్లు తళతళలాడుతుంటాయి. ఈ సదుపాయం 2009 నుంచీ ఉంది. అనుమతులిచ్చిన ఆఫీసులకు ఇంకా ఇంటర్నెట్ కనెక్షన్ రాలేదేమో పాపం.

నిజానికి ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇది చత్వారం. 1988లో మనం పంపిన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహం కెమెరాలకు 36 మీటర్ల కంటే చిన్న వివరం అందేది కాదు. 2019లో శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-3 అయితే 500 కిలోమీటర్ల పైనుంచి 30 సెంటీమీటర్ల లోపు వివరాన్నీ పట్టేస్తుంది. ఆ చిత్రాలు దిగేది షాద్‌నగర్‌లో, వాటితో పనిచేసే ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉన్నది బాలానగర్‌లో, అంటే అంతా మన ఊరి వ్యవహారమే. అంత ఎత్తు నుంచి కనపడే చెరువులోని మట్టికుప్ప, పక్క వీధిలోని ఆఫీసుకి మాత్రం అపార్ట్‌మెంటై, గృహప్రవేశం భోజనాలై, కరెంటు మీటరు బిగించి, ఇంటిపన్ను కూడా కట్టించుకున్నాక గానీ మసకగానైనా ఆనదు.

టైమింగూ ఒక చిక్కే. కార్టోశాట్ మన మీదుగా ఠంచనుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది (ఆ టైముకి డ్యూటీలో ఉండే ప్రభుత్వోద్యోగి అదొక్కటేనేమో). శిఖం భూమిలో, అంటే చెరువు కడుపులో, మట్టి పోసే టిప్పర్లది నైట్ షిఫ్టు. 2025 జులైలో ఎగిరిన నైసార్ ఉపగ్రహం రాడార్‌కి చీకటైనా మబ్బైనా ఒకటే, అయినా టిప్పర్ల ఓనర్లు టెన్షన్ పడక్కర్లేదు, ఫొటో ఎంత తొందరగా దిగినా ఫైలు తన నడక మార్చుకోదు.

2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక మాత్రం పాన్ డబ్బా దగ్గర కూడా ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అని (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, దాని చుట్టూ కట్టకూడని జాగా) మాట్లాడుకుంటున్నారు. పైనుంచి చూస్తే రేకుల షెడ్డూ కప్పే, ఫామ్‌హౌసూ కప్పే. జేసీబీకి ఏది ముందు కనపడుతుందో మీకు తెలియనిదా?

నాకు తెలిసిన ఒకాయన పాత చిత్రాలన్నీ వరసగా చూసి, మొదట నీళ్లున్నాయి, తర్వాత ఎండింది, ఆ తర్వాత రోడ్డు పడింది, ఇంకేం భయం అని అడ్వాన్సు ఇచ్చేశాడు. మొన్నటి వానలకి చెరువు తిరిగొచ్చి ఆయన సెల్లార్‌లో దిగింది. పాత అడ్రసుకే.