కూలి ఎగ్గొట్టారని హంతకుడి మీద జాలి

గ్రాహం గ్రీన్ 1936లో రాసిన 'ఎ గన్ ఫర్ సేల్' చదువుతున్నంతసేపూ నాకు ఒకటే టెన్షన్. రేవెన్ పోలీసులకు దొరికిపోతాడేమోనని. రేవెన్ కిరాయి హంతకుడు. నవల మొదలవుతూనే ఒక మంత్రిని, ఆయన సెక్రటరీని కాల్చి చంపుతాడు. ఆ సెక్రటరీ చేసిన తప్పల్లా ఆ సమయానికి ఆ ఇంట్లో ఉండడమే. అదంతా చదివి కూడా, సగం పుస్తకం అయ్యేసరికి నేను పూర్తిగా అతని వైపు వెళ్లిపోయాను.

ఎలా వెళ్లానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. రేవెన్‌కు గ్రహణం మొర్రి. ఎవరు చూసినా ముందు ఆ పెదవినే చూస్తారు. అక్కడే మన మనసు కొంచెం మెత్తబడుతుంది. కానీ అసలు మలుపు డబ్బు దగ్గర ఉంది. పనయ్యాక దళారి అతని చేతిలో పెట్టినవి దొంగ సొమ్ము తాలూకు నోట్లు. పోలీసులు వాటి కోసమే వెతుకుతున్నారు. అంటే రెండు ప్రాణాలు తీసినవాణ్ణి, తాను చేయని దొంగతనం కోసం తరుముతున్నారు. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాళ్లంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ మంటలో ఆ పని ఏమిటన్నది మర్చిపోతాం. నేను మర్చిపోయాను.

థ్రిల్లర్లో ఎవరి వెంట ఎక్కువసేపు నడిస్తే వాళ్ల మీదే మనకు బెంగ పుడుతుంది. దానికి మంచితనం కూడా అక్కర్లేదు. ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జాకల్' 1971లో వచ్చింది. అందులో జాకల్ అనే కిరాయి హంతకుడు గురిపెట్టిన ఫ్రాన్స్ నేత డిగాల్ అంతకు ముందు ఏడాదే తన ఇంట్లో సహజంగా కన్నుమూశారు. పథకం పారదని పాఠకుడికి ముందే తెలుసు. అయినా జాకల్ అడవిలో ఖర్బూజా పండును వేలాడదీసి తుపాకీ సరిచూసుకుంటుంటే, గురి కుదరాలని మనమూ ఊపిరి బిగబడతాం. అతని పనితనం చాలు, మనల్ని కట్టిపడేయడానికి.

ఇక 'చెడ్డవాళ్లను మాత్రమే చంపుతాడు' అనే ఏర్పాటు ఎన్నో థ్రిల్లర్లలో కనిపిస్తుంది. అది నాకు నచ్చదు. పాఠకుడికి ఇబ్బంది కలగకుండా రచయిత ముందే దారి చదును చేసినట్టుంటుంది.

హంతకుడి మీద జాలి పడడం తప్పని నేను అనను. మనకు ఏమాత్రం పొత్తు లేని మనిషి లోపలికి తీసుకెళ్లలేని సాహిత్యం ఎందుకు? నా బాధల్లా చచ్చిపోయినవాళ్ల గురించే. హంతకుడి బాల్యానికి, భయాలకు, ఒంటరితనానికి పేజీలకు పేజీలు దొరుకుతాయి. హతుడికి దొరికేది నేల మీద పడిపోయే ఒక్క వాక్యం. రేవెన్ కోసం అంత తల్లడిల్లాక, మర్నాడు ఆ సెక్రటరీ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామంటే నాకేమీ గుర్తు రాలేదు.

లారెన్స్ బ్లాక్ రాసిన, కెల్లర్ అనే కిరాయి హంతకుడి కథల్లో మొదటిది, 1990లో వచ్చింది, ఈ లోటును తీర్చింది. కెల్లర్ ఒక చిన్న ఊరికి వెళ్తాడు. అతను చంపాల్సిన మనిషి ఒకప్పటి సాక్షి. పేరు మార్చుకుని, ప్రభుత్వ రక్షణలో అక్కడ ప్రింటింగ్ షాపు నడుపుకుంటుంటాడు. మనిషిని చూసి రావడానికి కెల్లర్‌కు ఒక సాకు కావాలి. కుక్క తప్పిపోయిందని నోటీసు కాపీలు తీయిస్తాడు. సోల్జర్ అని పిలిస్తే పలుకుతుందని అందులో ఉంటుంది. ఊరు అతనికి నచ్చేస్తుంది, ఇక్కడే ఉండిపోతే ఎలా ఉంటుందా అనుకుంటాడు. ఆ షాపు మనిషి కూడా మామూలుగా, మర్యాదగా ఉంటాడు. చివరికి కెల్లర్ పని ముగించుకునే వెళ్తాడు. కెల్లర్ మీద ఇష్టం పోలేదు, కానీ ఆ షాపు మనిషి కూడా నా మనసులోంచి పోలేదు.

ఆ కథయ్యాక గ్రీన్ నవల మళ్లీ తీశాను. ఈసారి రేవెన్ వెంట ఆ ఇంట్లోకి వెళ్లలేదు. లోపల ఉన్న సెక్రటరీ దగ్గరే ఆగి, ఆమె గురించి రాసిన ప్రతి వాక్యాన్నీ రెండేసి సార్లు చదివాను. ఎంతోసేపు పట్టలేదు.