హాస్కెల్ నేర్పేవాళ్లకు ఒక విన్నపం: మెయిన్‌ను మొదటి రోజే చెప్పండి

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ముందు జీహెచ్‌సీఐ తెరిపిస్తారు, అంటే ఒక్కో లైను టైప్ చేయగానే జవాబు చూపించే సాధనం. లిస్టులు, రికర్షన్, మ్యాప్, ఫోల్డ్, టైప్‌క్లాసులు లాంటి భాషలోని అంశాలన్నీ అందులోనే అయిపోతాయి. చివర్లో ఎప్పుడో మెయిన్, అంటే ప్రోగ్రాం నడవడం మొదలయ్యే చోటు, వస్తుంది. ఈలోగా పిల్లలు ఫోల్డ్ గురించి గడగడా చెప్పేస్తుంటారు. ఒక ఫైల్లో ఎన్ని లైన్లున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాం రాయమంటే మాత్రం చేతులెత్తేస్తారు. తప్పు వాళ్లది కాదు. ఐఓ (చదవడం, ప్రింట్ చేయడం లాంటి బయటి పనులు) అంటే మొనాడ్ (పనులను వరసగా కలిపే ఒక కష్టమైన భావన), దాని జోలికి ఇప్పుడే వద్దు అని చెప్పి భయపెట్టిన పద్ధతిది.

మెయిన్ రాయడానికి మొనాడ్ సిద్ధాంతం అక్కర్లేదు. ఒక లైను చదివే గెట్‌లైన్ అనేది స్ట్రింగ్ (అక్షరాల వరస) కాదు, స్ట్రింగ్‌ను తెచ్చిపెట్టే పని. పనులను వరసగా రాసే డూ కింద ఎడమ బాణం గుర్తు పెడితే ఆ పని జరిగాక వచ్చే స్ట్రింగ్ చేతికొస్తుంది. మొదటి రోజుకు ఇంతే చాలు. పనికీ విలువకీ ఉన్న ఈ తేడాయే హాస్కెల్‌కు ప్రాణం. అది మెయిన్‌లో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

మెయిన్‌కు ఈ రూపం ఊరికే రాలేదు. 1990 నాటి మొదటి హాస్కెల్‌లో మెయిన్ అంటే, జవాబుల లిస్టు తీసుకుని విన్నపాల లిస్టు ఇచ్చే ఫంక్షన్. అడగాల్సినది ఒక లిస్టులో, దానికొచ్చే జవాబు ఇంకో లిస్టులో ఉండేవి. రెండింటినీ సరిగ్గా జత కలపడం పెద్ద తలనొప్పి. 1996లో 1.3 వెర్షన్‌తో ఇప్పటి ఐఓ వచ్చింది. పని తేలిక చేయడానికి తెచ్చినదాన్నే బూచిగా చూపించడం నాకు నిజంగా బాధ.

జీహెచ్‌సీఐలోనే ఉంచేయడం వల్ల ఇంకో నష్టం ఉంది. అక్కడ నడిచినట్టే బయటా నడుస్తుందనుకుంటారు. లైను ముగించకుండా ప్రింట్ చేసే పుట్‌ఎస్‌టీఆర్‌తో పేరు అడిగి గెట్‌లైన్‌తో చదివే ప్రోగ్రాం అక్కడ చక్కగా పనిచేస్తుంది. కంపైల్ చేసి టెర్మినల్లో నడిపితే ప్రశ్న కనిపించదు, కర్సర్ ఊరికే ఎదురుచూస్తుంటుంది. లైను పూర్తయ్యేదాకా అక్షరాలు బఫర్ అనే తాత్కాలిక నిల్వలోనే ఆగిపోతాయి కాబట్టి అలా. ఫైలు పైన మాడ్యూల్ పేరు మెయిన్ కాకుండా ఇంకేదైనా పెట్టి, కంపైల్ చేసే జీహెచ్‌సీకి ఇస్తే, ఎర్రర్ ఏమీ రాదు, కంపైల్ అయిపోతుంది, కానీ నడపడానికి ప్రోగ్రామే ఉండదు. కొత్తవాళ్లకు ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది? ముందే రెండు ముక్కలు చెప్తే సరిపోయేది.

మెయిన్ ముందే నేర్పితే పిల్లలు అన్నీ ఐఓలోనే రాసేస్తారని కొందరి వాదన. ఆ భయం నిజమే. అందుకే మొదటి ప్రోగ్రాం ఇంటరాక్ట్‌తో రాయించండి. దానికి స్ట్రింగ్ తీసుకుని స్ట్రింగ్ ఇచ్చే మామూలు ఫంక్షన్ ఇస్తే చాలు, చదవడం, ప్రింట్ చేయడం అదే చూసుకుంటుంది. లైన్లు లెక్కపెట్టే ప్రోగ్రాం అలా ఒక్క లైన్లో వచ్చేస్తుంది. మెయిన్ చిన్నగా, అసలు లెక్కంతా దాని బయట ఉండే అలవాటు ఆ రోజు నుంచే పడుతుంది.