రాయడం కూడా కూలి పనే అని ఒక ప్రభుత్వం ఒప్పుకున్న రోజులు

ప్రభుత్వం పని కల్పిస్తే అదంతా గుంతలు తవ్వి పూడ్చడమే అనే మాట మనం ఉపాధి హామీ మీద ఎన్నేళ్లుగానో వింటున్నాం. అమెరికాలో 1935లోనే అక్కడి ప్రభుత్వ ఉపాధి స్కీము మీద ఇదే మాట అన్నారు, పారకి ఆనుకుని నిలబడ్డ కూలీ మీద కార్టూన్లు కూడా వేశారు. కానీ ఆ స్కీములో మట్టి మోసేవాళ్లతో పాటు రాసేవాళ్లకి కూడా కూలి ఇచ్చారు, ఆ సంగతి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు.

1929లో షేర్ మార్కెట్ కూలింది, 1933 నాటికి పనిచేయగల నలుగురిలో ఒకరికి పని లేదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935లో డబ్ల్యూపీఏ (వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్) అనే సంస్థ పెట్టి హ్యారీ హాప్కిన్స్‌కి అప్పజెప్పాడు. ఊరికే డబ్బులు పంచితే మనిషి లోపల కుంగిపోతాడు, పనిచ్చి కూలివ్వాలి అన్నది హాప్కిన్స్ పట్టుదల. ఎనిమిదేళ్లలో దాదాపు 85 లక్షల మందికి పని దొరికింది, సుమారు పది లక్షల కిలోమీటర్ల రోడ్లు వేశారు, బాగుచేశారు, న్యూయార్క్‌లో లగార్డియా ఎయిర్‌పోర్ట్ కూడా వీళ్ల చేతుల మీద కట్టిందే.

రాసేవాళ్లకి కూలిచ్చిన రైటర్స్ ప్రాజెక్ట్ ఇందులో చాలా చిన్న ముక్క, బాగా నడిచిన రోజుల్లో కూడా ఆరున్నర వేల మందికి కాస్త పైన, అంతే. రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎల్లిసన్, జోరా నీల్ హర్‌స్టన్ లాంటి పెద్ద రచయితల పేర్లు చెప్పి గొప్పగా అంటారు గానీ ఎక్కువ మంది ఉద్యోగం పోయిన రిపోర్టర్లు, టీచర్లు, లైబ్రరీ వాళ్లు, గుమాస్తాలు, తమకి గతి లేదని రిలీఫ్ ఆఫీసులో నిరూపించుకుని వచ్చినవాళ్లు. ప్రతి రాష్ట్రానికీ ఒక గైడ్ పుస్తకం రాయడం వాళ్ల మెయిన్ పని.

నా దృష్టిలో మాత్రం అసలైన పని వేరే. 1936 నుంచి 1938 దాకా 17 రాష్ట్రాల్లో తిరిగి, ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా నల్లజాతి ముసలివాళ్ల మాటలు రాసుకున్నారు. ఏం తినేవాళ్లు, ఏం కట్టుకునేవాళ్లు, ఎక్కడ పడుకునేవాళ్లు, దెబ్బలు ఎవరు కొట్టేవాళ్లు, ఇలా అడిగారు. చాలామందికి అప్పటికే ఎనభై దాటాయి, ఇంకో పదేళ్లు ఆగుంటే అడగడానికి మనుషులే మిగిలేవాళ్లు కాదు.

లోపాలు లేవని కాదు, అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే. సౌత్ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్‌లో సూజన్ హామ్లిన్ అనే వందేళ్ల ముసలావిడ దగ్గరికి ఒక తెల్ల ఆవిడ వెళ్తే, సాయం ఇచ్చే వెల్ఫేర్ ఆఫీసు నుంచి వచ్చిందనుకుని మా యజమాని మంచోడే అన్నట్టు చెప్పింది. తర్వాత ఒక నల్లజాతి ఉద్యోగి వెళ్లి కూర్చుంటే అదే మనిషి కొరడా దెబ్బలు, పిల్లల్ని అమ్మేస్తుంటే తల్లుల ఏడుపులు అన్నీ చెప్పింది. రెండూ రాసి దాచారు కాబట్టే ఈ తేడా ఇవాళ మనకి కనిపిస్తోంది.

రాజకీయాలు మాత్రం వదల్లేదు. 1938లో అమెరికా పార్లమెంటు సభ్యుడు మార్టిన్ డైస్ నడిపిన కమిటీ, ఇదంతా కమ్యూనిస్టుల అడ్డా అని ఈ ప్రాజెక్టుల మీద పడింది, 1939లో నాటకాల వాళ్లకి పనిచ్చిన థియేటర్ ప్రాజెక్ట్ మూసేశారు, రైటర్స్ ప్రాజెక్ట్‌ని రాష్ట్రాలకి వదిలేశారు, యుద్ధంతో ఉద్యోగాలు వచ్చాక 1943లో మొత్తం ముగిసింది.

మన దగ్గర ఉపాధి హామీ 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది, కరువు సీమకి అది ఎంత ఆసరా అయ్యిందో అక్కడివాళ్లకి తెలుసు. కోవిడ్‌లో బడులు మూతపడి తెలంగాణలో ప్రైవేట్ టీచర్లు కూడా ఆ పనికే వెళ్లి మట్టి తవ్వారు, 2021లో ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఇచ్చింది మంచిదే, మట్టి పని తక్కువదీ కాదు. కానీ చదవడం రాయడం వచ్చిన అంతమంది ఊళ్లలో ఖాళీగా ఉన్నప్పుడు, వలసలు, వెట్టిచాకిరీ, కరువులు చూసిన పెద్దవాళ్లు అదే ఊళ్లో అరుగుల మీద కూర్చుని ఉన్నప్పుడు, వెళ్లి వాళ్ల మాటలు రాసుకు రండి, ఇదిగో రోజు కూలి అని ఎవరూ అనలేదు. ఆ కోవిడ్‌లోనే ఆ పెద్దవాళ్లలో ఎంతమంది పోయారో ఏ ఊరివాళ్లని అడిగినా చెప్తారు. ఇప్పటికైనా చెరువు పూడిక, ఫారంపాండ్ పక్కన ఈ పనిని కూడా లిస్టులో పెట్టి, మస్టర్ వేసి కూలి ఇవ్వొచ్చు.