కుచ్చులు మారాయి, డాలు మారలేదు

కథోలిక ఆర్చిబిషప్ అధికార చిహ్నం చూడగానే మన కళ్లు పైనున్న టోపీ మీదకే వెళ్తాయి. వెడల్పాటి అంచులున్న ఆకుపచ్చ టోపీ, రెండు వైపులా పదేసి కుచ్చులు, కింద గుర్తులు గీసిన డాలు, దాని వెనుక రెండు అడ్డుపట్టీల సిలువ. టోపీ, కుచ్చులు, సిలువ హోదా గుర్తులు. బిషప్‌కైతే ఆరేసి కుచ్చులు, సిలువకు ఒకటే అడ్డుపట్టీ. కార్డినల్‌కు ఎర్ర టోపీ, పదిహేనేసి కుచ్చులు. యూరప్ ప్రభువులు డాలు పైన యుద్ధ శిరస్త్రాణం వేయించుకునేవారు. చర్చి గురువులు ఆ చోట టోపీ పెట్టుకున్నారు.

పూల ఆంథోని గారు 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాద్ ఆర్చిబిషప్, 2022లో కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఆ ఎర్ర టోపీ చూసి తెలుగు కథోలికులు ఎందుకు పొంగిపోయారో వేరే చెప్పక్కర్లేదు, నాకూ గర్వమే. అయినా టోపీ పదవితో వచ్చేది. డాలు మీద ఏముండాలో మాత్రం ఎక్కువగా ఆ మనిషే ఎంచుకుంటారు. కాబట్టి మనిషిని తెలుసుకోవాలంటే చూడాల్సింది డాలునే.

అర్జెంటీనాకు చెందిన బెర్గోలియో, అంటే తర్వాత పోప్ ఫ్రాన్సిస్ అయిన ఆయన సంగతే చూడండి. 1992లో బ్యూనస్ ఎయిర్స్ సహాయ బిషప్‌గా ఆయన ఎంచుకున్న నీలం డాలు మీద ఉన్నవి మూడే. నడుమ సూర్యబింబంలో యేసు నామాక్షరాలు, కింద మూడు మేకులు: ఆయన చేరిన జెసూట్ సభ గుర్తు అది. దాని కింద మరియమాతకు నక్షత్రం, జోజప్పగారికి నార్డు పువ్వు. ఆ పువ్వును ద్రాక్షగుత్తి అనుకున్నవాళ్లూ ఉన్నారు. ధ్యేయవాక్యం బీడ్ అనే పునీతుడి ప్రసంగంలోది. సుంకరి మత్తయిని యేసు కరుణతో చూసి ఎన్నుకున్నాడని దాని భావం. 1953లో మత్తయి పండుగ రోజే, సెప్టెంబరు 21న, కుర్రవాడైన బెర్గోలియోకు దేవుని పిలుపు అందింది. పాపిని ముందు కరుణించి, ఆ తర్వాతే పని అప్పగించే దేవుణ్ని ఆయన తన గుర్తుగా పెట్టుకున్నారు.

1998లో ఆర్చిబిషప్, 2001లో కార్డినల్, 2013లో పోప్ ఫ్రాన్సిస్. టోపీ రంగు మారింది, కుచ్చులు పెరిగాయి, చివరికి టోపీ స్థానంలో మైటర్ అనే ఎత్తైన శిరోభూషణం, పోప్ పదవికి గుర్తైన తాళంచెవులు వచ్చాయి. నక్షత్రం కోణాల వంటి చిన్న సవరణలు తప్ప డాలు అదే, ధ్యేయవాక్యం అదే. పదవి పెరిగినా మొదటి మాట మార్చుకోలేదు. అందుకే ఆ చిహ్నమంటే నాకు గౌరవం. పుట్టిన ఊరు, నది, గ్రంథం, దీపం, పావురం అన్నీ ఒకే డాలులో కుక్కితే ఆ మనిషి దేనికి కట్టుబడ్డారో చూసేవాళ్లకు అందదు.

మన మేత్రాసనాల్లో, అంటే బిషప్‌ల పరిధిలోని ప్రాంతాల్లో, కొత్త బిషప్ అభిషేకమంటే ఆహ్వానపత్రికల మీద, ఫ్లెక్సీల మీద ఈ చిహ్నం రంగుల్లో కనిపిస్తుంది. పక్కన లాటిన్‌లోనో ఇంగ్లిష్‌లోనో ఒక వాక్యం ఉంటే చాలామంది విశ్వాసులకు అర్థం కాదు. ఆ ఆదివారం పూజలో ఉపదేశి పది నిమిషాలు తీసుకుని, మన బిషప్‌గారు ఈ గుర్తులే ఎందుకు కోరుకున్నారో తెలుగులో చెప్పాలి. రేపు ఆయన చేసే పనిని ఆ డాలుతో పోల్చి చూసే హక్కు అప్పుడే విచారణలోని, అంటే ఊరి చర్చి పరిధిలోని, మామూలు మనిషి చేతికి వస్తుంది.