ఇరవై ఏళ్ల సాధనను పక్కన పెట్టిన వేణు విద్వాంసుడు

1831లో లండన్ వెళ్లేనాటికి తియోబాల్డ్ బోమ్ వయసు ముప్పై ఏడు. మ్యూనిక్ రాజాస్థాన వాద్యబృందంలో పదమూడేళ్లుగా ఫ్లూట్ వాయిస్తున్నాడు. మూడేళ్ల కిందటే సొంతంగా ఫ్లూట్‌లు తయారుచేసే కార్ఖానా కూడా తెరిచాడు. పేరుంది, కొలువుంది, చేతిలో విద్య ఉంది. లండన్‌లో ఆంగ్ల ఫ్లూట్ విద్వాంసుడు చార్లెస్ నికల్సన్ వాయించగా విన్నాడు. నికల్సన్ ఫ్లూట్‌కు రంధ్రాలు మామూలుకన్నా చాలా పెద్దవి. వాటిని మూయగల పెద్ద చేతులు ఆయనవి. ఆ నాదంలోని బలం తన వాద్యంలో లేదని బోమ్ గుర్తించాడు. ఆ మాట తర్వాతి కాలంలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు కూడా.

సంగీత చరిత్రలో బోమ్‌ను ఆధునిక ఫ్లూట్ సృష్టికర్తగా మాత్రమే చెప్పుకుంటారు. అది అర్ధసత్యమని నా అభిప్రాయం. ఆయనలోని శిల్పిని కదిలించినది ఆయనలోని వాద్యకారుడే. సొంత నాదం మీద అసంతృప్తి కలగకపోతే ఆ కొత్త వాద్యం పుట్టేది కాదు.

బోమ్ 1794లో మ్యూనిక్‌లో ఒక స్వర్ణకారుడి ఇంట పుట్టాడు. తండ్రి దగ్గర పనితనం నేర్చాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడే ఒక ఫ్లూట్‌ను నమూనాగా పెట్టుకొని తన వాద్యం తానే చేసుకున్నాడు. ఆస్థాన విద్వాంసుడు కాపెల్లర్ దగ్గర శిష్యరికం చేసి, 1812లో నాటకశాల వాద్యబృందంలో చేరాడు. లోహాన్ని వెంట్రుకవాసి తేడాతో మలచగల చేతులు, అపశ్రుతిని సహించలేని చెవి ఒకే మనిషికి దక్కాయి.

ఆనాటి ఫ్లూట్ కొయ్యతో చేసినది. కింది కొసకు పోయేకొద్దీ లోపలి గొట్టం సన్నబడేది. ముఖ్యమైన ఆరు రంధ్రాలు వేళ్లకు అందే చోట ఉండేవి, శ్రుతి కోరే చోట కాదు. దాంతో ఒక స్వరం గట్టిగా పలికితే పక్క స్వరం డస్సిపోయినట్టు వినిపించేది. బోమ్ ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. ముందు రంధ్రం ఎక్కడ, ఎంత పెద్దదిగా ఉండాలో నాదాన్నే నిర్ణయించనిచ్చాడు. వేళ్లు దాన్ని ఎలా అందుకోవాలన్నది ఆ తర్వాతి సమస్య. దానికి పరిష్కారంగా ఇరుసుల మీద తిరిగే మీటల అమరికను 1832లో సిద్ధం చేశాడు. ఒక వేలు తన రంధ్రాన్ని మూస్తూనే దూరంగా ఉన్న మరో మూతను కదిలించగలదు.

ఈ కొత్త వాద్యానికి వేళ్ల కదలికలు కూడా కొత్తవే. ఇరవై ఏళ్లకు పైగా వేళ్లలో ఇంకిపోయిన అలవాటును వదిలి, కొలువు చేస్తూనే బోమ్ మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాడు. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం ఇదే. ఏదైనా వాద్యం సాధన చేసిన ఎవరికైనా ఆ త్యాగం ఎంతటిదో తెలుస్తుంది.

అక్కడితోనూ ఆగలేదు. యాభై దాటాక ఆచార్య షాఫ్‌హోయిట్ల్ దగ్గర ధ్వనిశాస్త్రం చదివి, 1847లో గొట్టాన్నే మార్చేశాడు. నడుము భాగం 19 మిల్లీమీటర్ల వ్యాసంతో సమానంగా ఉంటుంది, తల భాగం మాత్రం లోపల కొద్దిగా సన్నబడుతుంది. ఆ ఒంపును లెక్కలతో కన్నా ఎన్నో గొట్టాలు చేసి, ఊది, విని సాధించాడు. నేటి ఫ్లూట్ గొట్టం కొలత కూడా దాదాపు అదే.

పోయినదేమీ లేదని అనను. మన వేణువు మీద వేలిని జార్చి, రంధ్రాన్ని సగం మూసి గమకం పలికిస్తారు. బోమ్ ఫ్లూట్‌లో వేలికీ రంధ్రానికీ మధ్య మెత్త అతికించిన మూత ఉంటుంది. పన్నెండు స్వరస్థానాలూ సమాన బలంతో పలకాలనుకున్న సంగీతానికి అది వరం, జారుడుకు మాత్రం అడ్డు.

పారిస్, లండన్ తయారీదారులు ఈ వాద్యాన్ని త్వరగానే అందుకున్నారు. పారిస్ సంగీత విద్యాలయంలో ఫ్లూట్ ఆచార్యుడు తులూ దీన్ని గట్టిగా ఎదిరించినా, 1860లో ఆయన స్థానంలోకి వచ్చిన లూయీ డోరుస్ దీన్నే పాఠంగా పెట్టాడు. సొంత దేశమైన జర్మనీయే వెనకాడింది. ఈ నాదం జర్మన్ స్వరకర్త వాగ్నర్‌కు రుచించలేదు. లైప్‌జిగ్‌లో ష్వెడ్లర్ వంటి ఫ్లూట్ దిట్టలు బోమ్ మరణానంతరం కూడా పాత పద్ధతి ఫ్లూట్‌నే మెరుగుపరుస్తూ వచ్చారు. వారి అభ్యంతరం ఉత్త మొండితనం కాదు. కొయ్య ఫ్లూట్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో రంగు ఉండేది, అది పోతుందని వారి బాధ. అయినా పెద్ద ఆర్కెస్ట్రాల మధ్య ఆ సన్నని నాదం నిలబడగలిగేది కాదు.

బోమ్ 1848లో ఆస్థాన కొలువు వదిలి, ఫ్లూట్‌ల తయారీకీ శిష్యులకూ అంకితమయ్యాడు. చివరి దశలో మంద్రంగా పలికే ఆల్టో ఫ్లూట్ మీద మక్కువ పెంచుకున్నాడు. 1871లో తన అనుభవమంతా పుస్తకంగా రాశాడు. ఎడమ చేతి చిటికెన వేలి కింది మీట, వేలు నొక్కనప్పుడు, రంధ్రాన్ని తెరిచి ఉంచాలని, మిగతా అమరికకు పొసగేది అదేనని అందులో వాదించాడు. ఫ్రాన్సు వారు మాత్రం పాత అలవాటును మార్చుకోలేక దాన్ని మూసి ఉండేలా మార్చుకున్నారు. 1881లో ఎనభై ఏడేళ్ల వయసులో మ్యూనిక్‌లోనే ఆయన కన్నుమూశాడు. నేడు ప్రపంచంలో అమ్ముడయ్యే ఫ్లూట్‌లలో అత్యధిక భాగానికి ఆ మీట మూసే ఉంటుంది.