పార్టీ వస్తోందట

మా హాల్లో పడమటి గోడకు చెమ్మ ఉంది. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆవిడకు తెలుసు, మా అమ్మకు తెలుసు, నెలనెలా కేబుల్ డబ్బులకు వచ్చే కుర్రాడికి కూడా తెలుసు. తెలియకూడనిది ఒక్క పార్టీకే. ఆ పార్టీ బుధవారం ఉదయం పదిగంటలకు వస్తోందని సోమవారం సాయంత్రం బ్రోకరు ఫోను చేశాడు.

పార్టీ అంటే జెండాలూ మైకులూ ఉన్నది కాదు. ఇళ్ల బ్రోకర్ల భాషలో కొనేవాడి పేరు పార్టీ. ఒక్కడే వచ్చినా పార్టీయే, బంధుబలగాన్ని వెంటేసుకుని వచ్చినా పార్టీయే. అవతలివాళ్ల దగ్గర మేమూ ఒక పార్టీమేనన్న ఆలోచన మాత్రం అప్పటికి నాకు రాలేదు.

ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. 1981లో మా నాన్న కట్టించారు. స్థలం నాలుగు సెంట్లు. సెంటుకు 48.4 గజాల లెక్కన 193.6 గజాలు. బ్రోకరు నోట్లో మాత్రం అది రెండువందల గజాలు. మిగతా ఆరు గజాల చిల్లర ఎక్కడినుంచి వచ్చిందయ్యా అని అడిగితే, "193.6 అని చెబితే పార్టీకి అనుమానం వస్తుంది సార్. రెండువందలంటే నమ్మకంగా ఉంటుంది" అన్నాడు. ముప్పయ్యారేళ్లు బ్యాంకులో పైసలతో సహా లెక్క సరిచూసిన నాకు నమ్మకానికి ఈ అర్థం కొత్త.

అమ్మడానికి కారణం మా అమ్మ మోకాళ్లు. వీధిలోంచి వరండాకు ఒకప్పుడు ఏడు మెట్లు ఉండేవి. రోడ్డు వేసినప్పుడల్లా తవ్వకుండా పాతదాని మీదే కొత్తది పోస్తూ మూడు మెట్లు మింగేశారు. ఇప్పుడు నాలుగే మిగిలాయి. ఇంకో రెండుమూడు ఎన్నికలు వస్తే అవీ ఉండవు గానీ, అంతవరకూ అమ్మ మోకాళ్లు ఆగేలా లేవు. లిఫ్టు ఉన్న ఫ్లాటులోకి మారిపోదామని అనుకున్నాం. ఆ బ్రోకరే గుణదలలో ఒకటి ఆదివారం చూపిస్తానన్నాడు. మూడో అంతస్తట. "గోడలు అద్దాల్లా ఉంటాయి సార్, మీ ముఖం చూసుకోవచ్చు" అన్నాడు. మా గోడల సంగతి చూసినవాడు కదా, పోలిక చెప్పాడనుకున్నాను.

సోమవారం రాత్రి డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. అమెరికాలో ఇల్లు అమ్మాలంటే ముందు దాన్ని ముస్తాబు చేస్తారట. అందుకు డబ్బు తీసుకుని పనిచేసే మనుషులుంటారట. అద్దెకు సోఫాలు తెచ్చి వేస్తారట. వాడు నాకు మూడు పనులు చెప్పాడు. ఇంట్లో సామాను సగానికి సగం తీసెయ్యాలి. కుటుంబం ఫొటోలు ఒక్కటి కూడా గోడ మీద ఉండకూడదు. వచ్చినవాళ్లు ఆ ఇంట్లో మమ్మల్ని కాకుండా తమను తాము ఊహించుకోవాలి. ఇక పార్టీ గుమ్మంలో అడుగుపెట్టేసరికి వంటింట్లోంచి కమ్మని వాసన రావాలి. అక్కడైతే ఓవెన్లో బిస్కెట్లు కాలుస్తారట.

"బిస్కెట్లెందుకు?" అంది మా ఆవిడ. "ఈ ఉదయమే ఆవకాయ కలిపాను. బుధవారానికి మూడో రోజు. జాడీ మూత తీసి తిరగకలిపితే ఆ వాసనకు రామవరప్పాడులో ఉన్నవాడు కూడా మన ఇల్లు కొంటాడు."

మూడో పనికి అలా దిగుల్లేకుండా పోయింది.

సామాను దగ్గర మాత్రం నా పరువు పోయింది. మిక్సీ కొన్నప్పటి అట్టపెట్టె గ్యారంటీ కోసమని అటక మీద దాచాను. మిక్సీ పోయి పదేళ్లు. పెట్టె మాత్రం గ్యారంటీగా ఉంది. దాని వెనక ఇరవై ఏళ్ల పంచాంగాలు, చక్రం ఊడిన సూట్‌కేసు, కొత్త కుక్కరు వచ్చాక రిటైరైన మూడు కుక్కర్లు, ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అనే సంచీ నిండా తాళంచెవులు. ఆ తాళంచెవుల్లో ఒక్కదానికీ తాళం లేదు. అన్నిటినీ ఎదురింటివాళ్ల వరండాలోకి చేరవేశాం. ఎదురింటాయన గుమ్మంలో నిలబడి ప్రతి వస్తువునూ పరకాయించి చూశాడు. రెండో కుక్కరు దగ్గర, "ఇది మాది కదూ?" అన్నాడు. నిజమే. వాళ్లదే.

ఫొటోలు తీస్తున్నప్పుడు అమ్మ లేచింది. పెళ్లి ఫొటోలు, మనవడి స్నాతకోత్సవం ఫొటో తీసినంతసేపూ ఊరుకుంది. దండ వేసిన నాన్న ఫొటో మీద చెయ్యి పడగానే, "ఇల్లు కట్టించిన మనిషినే అటకెక్కిస్తావురా?" అంది. పార్టీ వెళ్లగానే మళ్లీ పెడతానన్నాను. ఆవిడ ఫొటోను నా చేతిలోంచి తీసుకుంది, కొంగుతో దుమ్ము తుడిచింది, ఒళ్లో పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చుంది. అంతే. ఇక ఆ విషయంలో చర్చ లేదు.

మిగిలింది గోడ.

మంగళవారం పెయింటరు వచ్చాడు. గోడకు చెవి ఆనించలేదు గానీ, దాదాపు అంత పనీ చేశాడు. వేలి కణుపుతో కొట్టాడు. బోదబోదమని చప్పుడు. గోరుతో గీరాడు. పొక్కిన రంగు వెనకనుంచి ఉప్పులాంటి తెల్లటి పొడి రాలింది. "అవతల బాత్రూమా సార్?" అన్నాడు. అవునన్నాను. "పాత సున్నం ఇటుక దాకా చెక్కి, నెలరోజులు ఎండనిచ్చి, చెమ్మ పట్టని మందు కొట్టి, అప్పుడు కొత్తగా ప్లాస్టరింగు చెయ్యాలి."

"రేపు పదిగంటలకల్లా కావాలి."

పెయింటరు నన్ను జాలిగా చూశాడు. గోడను నున్నగా చేసే లప్పం రెండు కోట్లు, అంటే రెండు పూతలు, పెట్టి, మీద రంగు పూశాడు. సాయంత్రానికి గోడ నిజంగానే అద్దంలా అయింది. రాత్రి భోజనాలయ్యేసరికి ఆ అద్దం మధ్యలో కంచం సైజు మచ్చ ఒకటి మెల్లగా పైకి తేలింది. ఫ్యాను దానివైపు తిప్పాం. మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి అరగంట పట్టుకుంది. మచ్చ ఆరలేదు, యంత్రం ఆగిపోయింది.

రాత్రి పదకొండుకు ఆ ఉపాయం తట్టింది నాకే. క్యాలెండరు! కొత్తది కొందామంటే ఆ వేళకు దుకాణాలు లేవు, పైగా మే నెలలో కొత్త క్యాలెండరు ఎవరు అమ్ముతారు? వంటింట్లో ఫ్రిజ్ పక్కన వేలాడే కిరాణా కొట్టువాళ్ల క్యాలెండరు తెచ్చాను. పైన లక్ష్మీదేవి, కింద తేదీలు, తేదీల మీద పాలు రాని రోజులకు మా ఆవిడ చుట్టిన సున్నాలు, గ్యాసు బండ మార్చిన రోజున ఒక నక్షత్రం. సరిగ్గా మచ్చ పైఅంచున మేకు కొట్టాను. సుత్తి రెండో దెబ్బకే మేకు లోపలికి దిగిపోయింది. వెన్నలో దిగినట్టు దిగిందే అని అనుమానించాల్సింది. నా చేతివాటం అనుకుని మురిసిపోయాను.

బుధవారం చెప్పిన వేళకే వచ్చారు. ఆయనకు యాభై అయిదేళ్లు ఉంటాయి, ఆవిడ ఒకటి రెండేళ్లు చిన్న. ఆయన ఏ గదిలోనూ నేను చూపించినవైపు చూడలేదు. పగటిపూట వెలుగుతున్న లైట్లు చూసి చిన్నగా నవ్వుకున్నాడు. వంటింటి కిటికీ మూసి ఉంటే తెరిచాడు. పక్కింటి మురుగు తూము పలకరించింది, మళ్లీ మూశాడు. పంపు తిప్పి నీళ్ల ధార చూడకుండా చప్పుడు విన్నాడు. ఖాళీ అటకను మాత్రం చాలాసేపు చూసి, "మొత్తం సామాను ఎదురింట్లోనా మాస్టారూ?" అన్నాడు. నాకు పొలమారింది.

"మేమూ ఫ్లాటు అమ్ముకునే వస్తున్నాం లెండి" అన్నాడాయన. "నేల మీద ఉండాలని మా ఆవిడ కోరిక. ఆదివారం మాకూ పార్టీ వస్తోంది. రెండు రోజులుగా ఇదే పని."

బ్రోకరు ఎందుకో మాట మార్చాడు. ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ చూపే ఈసీ ముప్పై ఏళ్లకు తీసి ఉంచాం, పాత హక్కుల లింకు డాక్యుమెంట్లన్నీ ఉన్నాయి, ఈశాన్యం పెరిగిన స్థలం, యాభై లక్షలు దాటుతుంది కనక ధరలో ఒక శాతం టీడీఎస్ పన్ను మీరే మినహాయించి కట్టాలి అంటూ ఊపిరి తీసుకోకుండా చదివాడు.

ఈలోగా ఆవిడ అమ్మ దగ్గర ఆగింది. "ఈయన ఎవరు మామ్మగారూ?"

"మా ఆయన. ఈ ఇల్లు కట్టించింది ఈయనే" అని అమ్మ ఫొటోను అటు తిప్పి, వచ్చినవాళ్లను ఆయనకు చూపించింది. డల్లాస్‌లో ఏ నిపుణుడికి తెలుసో తెలియదు గానీ, ఆ ఒక్క మాటతో ఆవిడ ముఖంలో ఈ ఇల్లు సగం కొనేసిన కళ వచ్చింది. మిగతా సగం ఆవకాయ చూసుకుంది. జాడీ మూత తీసినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు ముద్ద రుచి చూడకుండా వెళ్లకూడదని అమ్మ నియమం. వేడి అన్నం, కొత్త కారం ఎరుపు, పైకి తేలిన నువ్వులనూనె. ఆవిడ మొదటి ముద్దకే కళ్లు మూసుకుంది. ఆయన రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. బ్రోకరు అడక్కుండానే పెట్టించుకున్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి ఆయన, "ధర సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. మాకు నచ్చింది" అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపులో గుణదల ఫ్లాటు లిఫ్టు పైకి వెళ్తూ కనిపించింది.

"ఆషాఢం వస్తే ఏదీ కదలదు వదినగారూ. ఈలోపే మంచిరోజు చూసి బయానా ఇచ్చేస్తాం" అంది ఆవిడ. "జూన్లో ఏ రోజు బాగుందో..." అంటూ లేచి, తిన్నగా క్యాలెండరు దగ్గరికి నడిచింది.

నేను అడ్డం వెళ్లేలోపు ఆవిడ మే నెలను పట్టుకుంది. సున్నాలు చూసి, "మీ పాలవాడూ ఇంతేనా?" అని నవ్వింది. నవ్వుతూనే కాగితం పైకెత్తి వెనక్కు తిప్పబోయింది.

మేకు చప్పుడు చెయ్యలేదు. పాలపన్ను ఊడినట్టు మెత్తగా బయటికి వచ్చింది. క్యాలెండరు ఆవిడ చేతిలోనే ఉంది. దాని వెనక లప్పం, లప్పం వెంట రంగు, వాటి వెంట పాత ప్లాస్టరింగు, ఒకదాన్ని ఒకటి పిలుచుకున్నట్టు వరసగా కిందికి దిగాయి. దబ్బుమని ఒక పెద్ద పెళ్ల. తరవాత చిన్నవి. ఆ తరవాత చాలాసేపు పొడి. ఎర్రటి తడి ఇటుకలు నాలుగు, కొత్త వెలుతురుకు కళ్లు చికిలించినట్టు, మా అందరినీ చూశాయి.

ఎవరూ మాట్లాడలేదు. అందుకని అమ్మ మాట్లాడింది.

"ఆ గోడ అంతేనమ్మా. అప్పట్లో సిమెంటుకు పర్మిట్టు ఉండేది. ఈ గోడ దగ్గరికి వచ్చేసరికి బస్తాలు అయిపోయాయి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. మళ్లీ పర్మిట్టు వచ్చేదాకా ఆగలేక ఈయన ఇసుక ఎక్కువ కలిపించారు" అని ఒళ్లో ఉన్న ఫొటోను వేలితో చూపించింది. నాన్న అదే నవ్వుతో ఉన్నారు. "మరుసటేడు, 1982లో, సిమెంటు కొంత బయట అమ్ముకోవచ్చన్నారు. ఒక్క ఏడాది ఆగితే సరిపోయేది."

మా ఆవిడ చీపురు కోసం లోపలికి వెళ్లింది. చీపురు కోసమే వెళ్లిందో, నాకు ముఖం చూపించలేక వెళ్లిందో.

ఆయన వంగి ఒక పెళ్ల తీసుకున్నాడు. రెండు వేళ్ల మధ్య నలిపి, పొడిని చూసి, "లప్పం ఎన్ని కోట్లు?" అన్నాడు.

"రెండు."

"మేము మూడు పెట్టించాం."

"ఏమండీ!" అంది వాళ్లావిడ.

ఆయన వినిపించుకోలేదు. ఒకే జబ్బుతో బాధపడే ఇద్దరు ఆసుపత్రి బల్ల మీద కలిసినప్పుడు ఉండే ఆత్మీయత వచ్చేసింది ఆ గొంతులో. "మాది పైవాళ్ల బాత్రూము. రెండేళ్లుగా అసోసియేషన్ మీటింగులో అదే గొడవ. కానీ మీరు చేసిన పొరపాటు క్యాలెండరు పెట్టడం మాస్టారూ. క్యాలెండరన్నాక ఎవరో ఒకరు తిప్పుతారు. మేము వేంకటేశ్వరస్వామి పటం పెట్టాం. ఫ్రేము కట్టించిన మూడడుగుల పటం. దాన్ని కదిపి వెనక ఏముందో చూసే ధైర్యం ఏ పార్టీకీ ఉండదు."

నాకు ఏదో లెక్క కుదురుతున్నట్టు అనిపించింది. "మీ ఫ్లాటు ఎక్కడన్నారు?"

"గుణదలలో. మూడో అంతస్తు."

నేనూ, ఆయనా, చీపురుతో అప్పుడే వచ్చిన మా ఆవిడా, చేతిలో లక్ష్మీదేవితో వాళ్లావిడా, అందరం ఒకేసారి బ్రోకరు వైపు తిరిగాం. అతను నేల మీద చతికిలబడి, ఎంతో శ్రద్ధగా, పెళ్లలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

"లిఫ్టన్నా పనిచేస్తుందా నాయనా?" అంది అమ్మ.